"పూర్వజన్మ కృతం పాపం" శ్లోకంలో రెండో సగం ఎక్కడికి పోయింది?

నమస్తే అండి అందరికీ. ఒక శ్లోకం గురించి అడగాలని చాలా రోజుల నుంచి అనుకుంటున్నా, ఇవ్వాళ కుదిరింది.

పూర్వజన్మకృతం పాపం వ్యాధిరూపేణ బాధతే
తచ్ఛాంతిరౌషధైర్దానైర్జపహోమసురార్చనైః

మొదటి సగం, అదే పోయిన జన్మలో చేసిన పాపం జబ్బు రూపంలో బాధపెడుతుందన్నది, మీరందరూ వినే ఉంటారు, ఎవరికైనా పెద్ద జబ్బు చేసిందంటే చూడటానికొచ్చినవాళ్లలో ఒకరైనా ఈ ముక్క అనేసి పోతారు. మా అమ్మకి రుమటాయిడ్ ఆర్థరైటిస్, ఇంట్లో కీళ్లవాతం అనే అంటాం, పదకొండేళ్లుగా ఉంది. పొద్దున్న లేస్తే గంటసేపు వేళ్లు ముడుచుకోవు, గుడ్డ పిండలేదు, టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటుంది. రెండేళ్ల కిందట జాతకం చూసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లారు చుట్టాలు. ఆరో ఇంట్లో శని ఉన్నాడు, పైగా శని మహాదశ నడుస్తోంది, 19 ఏళ్లు, అది అయ్యేదాకా ఏ మందూ పనిచెయ్యదు అని చెప్పి ఈ శ్లోకం మొదటి సగం చదివాడట. అమ్మ మాకెవ్వరికీ చెప్పకుండా మాత్రలు ఆపేసింది. ఎనిమిది నెలలు. మేం కనుక్కునేసరికి కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు వంకర తిరిగిపోయాయి, మళ్లీ మందులు మొదలెట్టాక వాపూ నొప్పీ తగ్గాయి గానీ ఆ వంకర మాత్రం పోలేదు. అన్నిటికంటే నన్ను బాధపెట్టింది ఏంటంటే, "ఏ జన్మలో ఎవర్ని ఏడిపించానో" అని అమ్మ ఇప్పటికీ అంటుంది.

నాకు సంస్కృతం రాదు. మొన్న ఎక్కడో రెండో లైను కనిపించేదాకా అసలు రెండో లైను ఒకటుందని కూడా తెలీదు. "ఔషధైః" అంటే మందులే కదండీ? అది లిస్టులో మొదటే ఉందే? తెలిసినవాళ్లు కాస్త విడదీసి చెప్పండి.

కామెంటు:
అమ్మా, నేను సంస్కృతం చెప్పి రిటైరైనవాణ్ణి. ముందు పదాలు విడగొట్టుకుందాం. తత్ + శాంతిః అంటే తచ్ఛాంతిః అయింది, దాని విసర్గ అచ్చు ముందు రేఫ అయ్యి శాంతిరౌషధైః అయింది. ఔషధైః, దానైః, చివర జపహోమసురార్చనైః, అన్నీ తృతీయా విభక్తి, బహువచనం. చిన్నప్పుడు మనం చదువుకున్న "చేతన్ చేన్ తోడన్ తోన్" అదే. కాబట్టి అర్థం ఇంతే: దాని శాంతి మందుల చేత, దానాల చేత, జపం హోమం దేవతార్చన చేత. మందులతో అవుతుందని నోరారా చెప్తోంది శ్లోకం.

ఇంకో రెండు సంగతులు. ఒకటి, "తత్" అంటే దాని అని, దేని? పాపం శాంతా, వ్యాధి శాంతా? పాపం నపుంసకం, వ్యాధి సంస్కృతంలో పుంలింగం, కానీ విడిపదంగా పెట్టినా షష్ఠిలో రెండిటికీ "తస్య" అనే వస్తుంది, లింగాన్ని బట్టి తెలియదు. ఇక్కడ సమాసంలో కలిసిపోయింది కాబట్టి అసలే తేలదు, రెండిటికీ సరిపోతుంది. రెండోది నాకు ముఖ్యమనిపించేది, "శాంతి" అన్నాడు గానీ నాశనం అనలేదు. శమ్ ధాతువు, అణగడం, చల్లబడటం. గ్రహశాంతి చేయిస్తాం, గ్రహాన్ని ఆకాశంలోంచి పీకేస్తున్నామా? లేదు కదా, ఉన్నచోటే ఉంటాడు, ఉధృతి తగ్గుతుంది అని నమ్మకం. అలాగే ఇక్కడ కూడా.

కామెంటు:
సార్ మంచిగ చెప్పిన్రు గానీ నాదొక డౌటు. ఔషధం ముందు పెట్టిండంటే అదే ముఖ్యమని కాదు కదా, ఛందస్సు కోసం పెట్టిండొచ్చు గదా. శ్లోకాలల్ల గట్ల మస్తు ఉంటయి, గణం పడకపోతే ముందుది ఎనకకి, ఎనకది ముందుకి జరుపుతరు. మనం కోరుకున్న అర్థం అండ్లకి తోసేస్తున్నమేమో చూడాలె.

అదే మాస్టారు:
మంచి ప్రశ్న తమ్ముడూ, నేనూ నిన్న రాత్రి కూర్చుని ఇదే చూశాను. ఇది అనుష్టుప్పు, పాదానికి ఎనిమిది అక్షరాలు. బేసి పాదంలో అయిదోది లఘువు, ఆరు ఏడు గురువులు రావాలి, సరి పాదంలో అయిదు లఘువు, ఆరు గురువు, ఏడు మళ్లీ లఘువు. ఇప్పుడు దానాన్ని ముందుకి తెచ్చి రాసి చూడు: "దానౌషధైశ్చ తచ్ఛాంతిర్జపహోమసురార్చనైః". లెక్కపెట్టుకో, దా నౌ ష ధై శ్చ త చ్ఛాం తి, అయిదోది "శ్చ" లఘువు, ఆరోది "త" వెనక సంయుక్తం ఉంది కాబట్టి గురువు, ఏడు "చ్ఛాం" గురువు. పాదం హాయిగా నడిచింది, వ్యాకరణానికీ ఇబ్బంది లేదు. అంటే దానం ముందు పెట్టాలనుకుంటే కవికి ఛందస్సు అడ్డం రాలేదు. అయినా మందు ముందు పెట్టాడు, అదీ విడిపదంగా నిలబెట్టి, జపహోమార్చనలన్నీ మాత్రం ఒకే సమాసంలో కలిపేసి. దీన్నిబట్టి ఆయన మనసులో ఏముందో ఖాయంగా చెప్పలేం, కానీ గణాల కోసం గత్యంతరం లేక పెట్టాడని మాత్రం అనలేం.

కామెంటు:
సూపర్ సార్. ఒప్పుకుంటున్న. అక్కా మీ అమ్మకి ఇది సదివి చెప్పున్రి.

కామెంటు:
నేను జ్యోతిషం చూస్తానండి, మా నాన్నగారి నుంచి వచ్చింది. పోస్టు చదివి చాలా బాధపడ్డాను, అందుకని కాస్త పొడుగ్గా రాస్తున్నా. ఈ శ్లోకం "జన్మాంతరకృతం పాపం" అనే మొదలుతో కేరళలో 17వ శతాబ్దంలో వచ్చిన ప్రశ్నమార్గం అనే జ్యోతిష గ్రంథంలో ఉంది. అక్కడ రోగప్రశ్న సందర్భం, అంటే రోగి కోసం అడగడానికొచ్చినవాడికి జవాబు ఎలా చెప్పాలి అనే చోట. అలాంటి చోట కూడా ఔషధం ఉంది చూడండి, జ్యోతిష గ్రంథంలోనే ఉంది, వైద్య గ్రంథంలో కాదు. జాతకం చూసేవాడు ఈ శ్లోకం చదివి మందు ఆపమన్నాడంటే చదివిన శ్లోకానికే ఎదురు మాట్లాడినట్టు.

ఇక ఆరో ఇంట్లో శని సంగతి. శని వాతకారకుడు, దీర్ఘరోగాలకి కారకుడు అని చెప్తాం, నిజమే. కానీ శని లాంటి పాపగ్రహాలు 3, 6, 11 స్థానాల్లో బలంగా ఉంటే మంచి చేస్తాయి అన్నది మా శాస్త్రంలో మొదట నేర్చుకునే సూత్రాల్లో ఒకటి, ఆరులో శని శత్రువుల్ని, రోగాల్ని తట్టుకునే శక్తి ఇస్తాడని కూడా చెప్తారు. లగ్నాధిపతి ఎలా ఉన్నాడు, షష్ఠాధిపతి ఎక్కడున్నాడు, గురుదృష్టి ఉందా, అవేమీ చూడకుండా ఒక్క ముక్క పట్టుకుని 19 ఏళ్లు మందు పనిచెయ్యదు అనడం శాస్త్రమే ఒప్పుకోదు. దశ అంటే మొత్తం ఒకే రంగు కాదు, 19 ఏళ్లలో తొమ్మిది అంతర్దశలు, అంటే లోపలి చిన్న దశలు, ఉంటాయి.

భాషా గ్రూపు కాబట్టి ఒక మాట. ఆరో ఇంటిని ఋణ రోగ శత్రు స్థానం అంటాం. అప్పు, జబ్బు, పగ, ఈ మూడూ ఒకే ఇంట్లో ఎందుకు పెట్టారు అంటే మా నాన్నగారు అప్పు, నిప్పు, పగ, రోగం శేషం ఉంచకూడదనే మాట గుర్తుచేసేవారు. కొంచెమే కదా అని వదిలేస్తే మళ్లీ మళ్లీ పెరిగేవి ఇవి. అంటే ఆరో ఇల్లు చూసి చెప్పాల్సింది "కొంచెం తగ్గిందని మందు వదిలెయ్యకు" అని, ఆపెయ్యమని కాదు.

కామెంటు:
శనికి మందుడు అని పేరుంది కదండీ, మరి "మందు" ఆ మాటలోంచే వచ్చిందా? కోనసీమలో మందపల్లి ఉంది కదా, శనిత్రయోదశికి మా ఊళ్లోంచి అందరూ తైలాభిషేకానికి వెళ్తారు, అక్కడ ఎవరో మందు ఇచ్చేవాడు కాబట్టి మందేశ్వరుడు అన్నారు.

అదే మాస్టారు:
రెండూ వేరు, మందేశ్వరుడి పేరు కూడా శని పేరైన మంద నుంచే, మందు నుంచి కాదు. శని పేరు మంద అన్నది సంస్కృతం, నెమ్మది అని, మందగమనం, మందాగ్ని అంటామే అది. శనైశ్చరుడు అన్నా నెమ్మదిగా నడిచేవాడనే, ఒక్కో రాశిలో రెండున్నరేళ్లు ఉంటాడు, అందుకే మూడు రాశులకి ఏడున్నరేళ్ల ఏల్నాటి శని. మనం తాగే మందు మాత్రం అచ్చ ద్రావిడ మాట, తమిళంలో మరుందు. పలకడానికి దగ్గరగా ఉన్నాయంతే.

కామెంటు:
నేను ఆయుర్వేదం చదువుతున్నానండి, ఫైనలియర్. మాస్టారు శాంతి అంటే నాశనం కాదు అన్నారు కదా, దానికి మా పుస్తకాల్లో ఉన్న మాట ఒకటి తగులుతోంది. రోగాల్ని సాధ్యం, అసాధ్యం అని మాత్రమే చూడరు, మధ్యలో "యాప్యం" అని ఒకటుంది. మందు వాడినంత కాలం అణిగి ఉంటుంది, మొత్తం పోదు, మందు ఆపితే లేస్తుంది. ఇవ్వాళ షుగర్, బీపీ, పోస్టులో చెప్పిన కీళ్లవాతం, వీటికి క్రానిక్ అంటున్నామే, దానికి ఇంత సరిగ్గా సరిపోయే మాట ఇంకోటి నాకు తెలీదు. ఈ యాప్యం ఏ ధాతువులోంచి వచ్చిందో చూస్తే నాకే ఆశ్చర్యమేసింది, మనం రోజూ తిట్టడానికి వాడే "కాలయాపన" ఉంది కదా, ఆ యాపనే! కాలం గడిపించడం. ఆఫీసుల్లో కాలయాపన అంటే మనకి చిరాకు, కానీ రోగం దగ్గర అదే మాటకి మనిషిని ముందుకి నడిపించడం, రోజులు దాటించడం అని అర్థం.

సుశ్రుతుడు దీనికి ఒక పోలిక చెప్పాడు, పడిపోబోయే ఇంటికి సరిగ్గా పెట్టిన ఊతకర్ర లాంటిదట యాప్య రోగికి చికిత్స. ఆ పక్కనే, చికిత్స ఆపితే వెంటనే చెడిపోతుంది అని కూడా అన్నాడు. అక్కా, మీ అమ్మగారి విషయంలో జరిగింది అచ్చంగా అదే, ఊతకర్ర తీసేశారు. గోడ బరువు తప్పు ఆవిడది కాదు.

ఇంకోటి, చరకుడు కూడా పూర్వజన్మ కర్మకి "దైవం" అని పేరు పెట్టి అదీ రోగానికి ఒక కారణం అవుతుందన్నాడు, కాదనలేదు. "తదపి" అన్నాడు, అది కూడా అని. ఆ "అపి" చాలా పెద్ద మాట. అదొక్కటే అనలేదు.

కామెంటు:
సగం శ్లోకాల మాటొచ్చింది కాబట్టి, "వైద్యో నారాయణో హరిః" సంగతి కూడా చెప్పండి ఎవరైనా. డాక్టర్ల గదుల్లో ఫ్రేం కట్టించి పెడతారు, డాక్టరే దేవుడు అని.

అదే మాస్టారు:
అవును, అదీ ఇలాంటిదే, కాకపోతే రెండోవైపు. పూర్తిగా అయితే "శరీరే జర్జరీభూతే వ్యాధిగ్రస్తే కళేబరే, ఔషధం జాహ్నవీతోయం వైద్యో నారాయణో హరిః". శరీరం శిథిలమైపోయినప్పుడు గంగాజలమే మందు, హరే వైద్యుడు అని. డాక్టరు చేతులెత్తేశాక చెప్పే మాట అది. ముందున్న మూడు పాదాలూ పోయేసరికి డాక్టరుకి దండంగా మారింది. దానివల్ల ఎవరికీ నష్టం లేదు, పైగా మంచిదే, అందుకని నేనెప్పుడూ దిద్దను. మీరు అడిగిన శ్లోకంలో మాత్రం పోయిన సగంతో పాటు మందు కూడా పోయింది, అందుకే దాన్ని దిద్దాలి.

పోస్టు పెట్టినామె:
అందరికీ చాలా చాలా థాంక్సండీ. మాస్టారూ, "దానౌషధైశ్చ" అని మీరు రాసి చూపించింది నేను వేళ్ల మీద మూడుసార్లు లెక్కపెట్టుకున్నా. నిన్న రాత్రి అమ్మ పక్కన కూర్చుని పూర్తి శ్లోకం చదివి, ఒక్కో మాటా విడదీసి చెప్పాను. యాప్యం, ఊతకర్ర సంగతి చెప్తే కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత తన వేళ్లకేసి చూసుకుంటూ, శ్లోకంలో "నీ పాపం" అని ఉందా అని అడిగింది. మళ్లీ చూశాను, లేదు, ఎవరిదో చెప్పే మాట అందులో ఎక్కడా లేదు, ఉత్త "పాపం" అని ఉంది. అదే చెప్పాను. ఆ "దానైః" అంటే ఏం దానం చెయ్యాలో కనుక్కోమంది, శనికయితే నువ్వులేనా అని. జ్యోతిషం చూసే అన్నగారు చెప్తే అదీ చేయిస్తాను, మాత్రలు మాత్రం తనే డబ్బాలో సర్దుకుని పెట్టుకుంది.