సమస్యాపూరణం: ‘తల్లి లేని యింట తల్లి గలదు’

నిర్వాహకుడు:
ఇచ్చిన పాదంలోని వైరుధ్యం విడిపోయేలా మిగతా పద్యం అల్లడమే సమస్యాపూరణం. ఈ వారం సమస్య ఆటవెలది అన్న నాలుగు పాదాల ఛందస్సులో నాలుగవ పాదం. ఐదూ సూర్యగణాలే (గురులఘువులో మూడు లఘువులో గల చిన్న గణాలు), యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగవ గణం మొదటి అక్షరంతో మైత్రి, త–త. పలు విద్యలు నేర్చి, వాటన్నిటినీ ఇంటికీ బిడ్డలకూ ధారపోసిన తల్లిని తలచుకొంటూ పూరించవలసిందిగా మనవి. ‘లేని’, ‘గలదు’ అన్న రెండు మాటలకూ పొత్తు కుదరకపోతే, ఎంత మంచి స్తుతి అయినా పూరణ అనిపించుకోదు.

మొదటి పూరణ (తెనాలి సభ్యురాలు):

వీణ మీటు వేలు, వెలుగొందు ముగ్గులు,
ఆవకాయ కలుపు హస్తవాసి
కూతురందుఁ గలిసి కొలువుండెఁ గావున
తల్లి లేని యింట తల్లి గలదు

మా అమ్మ కొలతగిన్నె వాడగా నేను చూడలేదు. ఆవపిండిని రెండు వేళ్ళ నడుమ నలిపి, వాసన చూసి, ఉప్పు ఇంకెంత పడాలో చెప్పేది. అవే వేళ్ళతో సాయంత్రం వీణ ముందు కూర్చునేది.

ఒక సభ్యుడు:
అమ్మా, భావం హృద్యంగా ఉన్నది. అయితే వేలు, ముగ్గులు, హస్తవాసి అని ఇన్ని చెప్పిన తరువాత ‘కొలువుండె’ అన్న ఏకవచన క్రియ చెల్లుతుందా?

నిర్వాహకుడు:
చెల్లుతుంది. ‘వానలు కురిసెను’ అన్నట్లే, అమహద్వాచకాల (వస్తువుల వంటి వాటిని చెప్పే మాటల) బహువచనానికి కావ్యభాషలో ఆ రూపం సాధువే. నాకు నచ్చినది రెండవ పాదం. మీటేదీ కుడిచేయే, ఆవకాయ కలిపేదీ కుడిచేయే కనుక ‘హస్తవాసి’ అన్న ఒక్క మాట సంగీతాన్నీ వంటనూ కలిపి పట్టుకొన్నది. అభినందనలు.

రెండవ పూరణ (విజయనగరం సభ్యుడు):

కుట్టుపనిని చేసి చదువు చెప్పించెను,
రాత్రి కీర్తనలకు రాగ మద్దె;
ఆమె పేరు గలది హసితాస్య నా పట్టి
తల్లి లేని యింట తల్లి గలదు

నిర్వాహకుడు:
నాయనమ్మ పేరు మనుమరాలికి పెట్టుకొనే ఆచారంతో వైరుధ్యాన్ని సునాయాసంగా విడదీశారు. మొదటి పాదంలో కు–చలకు యతి చెల్లదు. ‘సన్నకుట్టుపనులఁ జదువు చెప్పించెను’ అనండి. స–జ యతిమైత్రి కుదురుతుంది, పనితనమూ కనబడుతుంది.

మూడవ పూరణ (హైదరాబాదు సభ్యురాలు):

కన్న దేవకి యట కారాగృహమ్మున,
వెన్న పెట్టి పెంచె వ్రేత యొకతె;
నందునింటఁ గృష్ణు నవ్వులు చూడుఁడీ
తల్లి లేని యింట తల్లి గలదు

నిర్వాహకుడు:
నిర్దోషమైన పద్యం. సమస్య మాత్రం పురాణంలోకి వెళ్ళి విడిపోయింది, మనం తలచుకొనవలసిన బహువిద్యావతి బయటనే ఉండిపోయింది.

నాలుగవ పూరణ (చెన్నై సభ్యుడు):

పాట నటన రచన పనులెన్ని యున్నను
కొడుకు పేరె పెట్టె గూటికామె
భరణి పేరు చెప్పు భానుమతిని నేఁడు
తల్లి లేని యింట తల్లి గలదు

భానుమతీ రామకృష్ణ గారిని తలచుకొన్నాను. నటి, గాయని, దర్శకురాలు, ‘అత్తగారి కథలు’ వ్రాసిన రచయిత్రి. 1953లో ‘చండీరాణి’ని తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లోనూ తానే దర్శకత్వం వహించి తీశారు. 1966లో పద్మశ్రీ వచ్చింది. ఇంత పనిలోనూ భార్యాభర్తలు తమ చిత్రసంస్థకూ స్టూడియోకూ ఎంచుకొన్నది కుమారుడు భరణి పేరు. 2005 డిసెంబరు 24న ఆమె వెళ్ళిపోయినా ఆ పేరు వినగానే ఆమే గుర్తుకు వస్తారు.

తెనాలి సభ్యురాలు:
‘గూడు’ అన్నది అంత పెద్ద స్టూడియోకు చిన్నమాట కాదా అండీ?

నిర్వాహకుడు:
నాకు చిన్నదనిపించలేదు. బిడ్డ పేరు పెట్టుకొన్న చోటు ఆ తల్లికి గూడే. నా అభ్యంతరం వేరు. ‘పేరె’, ‘పేరు’ అని వెంటవెంటనే రావడం పునరుక్తి. పైగా ‘ఇల్లు’ అంటే స్టూడియో అని పాఠకుడు రెండవ పాదాన్ని మళ్ళీ చదివితే తప్ప తెలియదు. రెండవదానికి మీ వివరణ ఆసరాగా ఉన్నది. మొదటిదానికి మూడవ పాదాన్ని ‘భరణి నేఁడు చాటు భానుమతి మహిమ’ అంటే సరిపోతుంది.

చెన్నై సభ్యుడు:
ధన్యవాదాలు గురువుగారూ, అలాగే సవరిస్తున్నాను. ‘గూడు’ను మాత్రం ఉంచుతాను.