అప్‌డేట్: విదేశంలో సహవాసం దొరికింది

విదేశానికి వచ్చాక ఆదివారాలు ఒంటరిగా ఫోన్‌లో చర్చి ఆరాధన చూసుకుంటున్నానని, నా ప్రార్థనంతా ఫిర్యాదులే అవుతోందని, ఏం చేయమంటారని అడిగాను కదా. "పెద్ద సంఘంలో వెనక వరసలో కూర్చుని వచ్చేస్తే ఎవరూ పరిచయం కారు, వారం మధ్యలో ఇళ్లలో జరిగే కూడికకు వెళ్లండి" అని ఒకరు చెప్పారు. అదే పనిచేసింది.

మా కూడికలో తెలుగువాళ్లు లేరు, అందరం తలో దేశం. పాటలు సగం అర్థం కావు. ప్రార్థన మాత్రం నన్ను తెలుగులోనే చేయమన్నారు. చేస్తుంటే గొంతు పూడుకుపోయింది. నాకు జ్వరం వస్తే చూసుకున్నది కూడా వాళ్లే.

మరొకరు బైబిల్లో యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయం చదవమన్నారు. బబులోను చెరలో, అంటే పరాయి దేశంలో బందీలుగా ఉన్నవాళ్లకు రాసిన ఉత్తరం అది: ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని. మంచి భవిష్యత్తు ఇస్తానని దేవుడు చెప్పే 11వ వచనం అందరికీ కంఠతా వచ్చు, పట్టణం కోసం ప్రార్థించమనే 7వ వచనం మీద ప్రసంగం నేనైతే ఎప్పుడూ వినలేదు! ఇప్పుడు ఈ ఊరి కోసం, పక్కింటివాళ్ల కోసం ప్రార్థిస్తుంటే కృతజ్ఞత దానంతటదే వస్తోంది. కృతజ్ఞతలు రోజూ డైరీలో రాసుకోమని ఇంకొకరు ఇచ్చిన సలహా మాత్రం నాకు కుదరలేదు.

ఇంటి మీద బెంగ పోలేదు, క్రిస్మస్‌కి ఇంకా ఎక్కువే. వచ్చే నెల కూడిక మా ఇంట్లోనే పెట్టుకుంటున్నాం.