పాట రాగానే కథ ఆగిపోతోంది, ఏం చేయమంటారు?

విజయవాడలో మేం ఏడుగురం కలిసి గంటన్నర సంగీత నాటకం తయారుచేస్తున్నాం. గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళే అమ్మాయి, కృష్ణలో పడవ నడిపే అబ్బాయి. అంతే కథ. పాటలన్నీ జానపద బాణీలే. రిహార్సల్ చూసి మా అమ్మ, "పాటలు తీసేసినా కథ తెలుస్తోందిగా" అంది. అప్పట్నుంచి టెన్షన్.

2012లో అమెరికా రంగస్థల పురస్కారం టోనీ అవార్డు గెలిచిన 'వన్స్' అనే సంగీత నాటకం గురించి చదివాను. డబ్లిన్‌లో జరిగే ప్రేమకథ. నటులే వేదిక మీద వాయిద్యాలు వాయిస్తారు. ఇద్దరూ కలిసి పాట కడుతుంటేనే దగ్గరవుతారు, ప్రేమ మాట పెద్దగా ఎత్తకుండా. మాకు కావలసింది సరిగ్గా అదే.

మన బుర్రకథలో కథకుడు తంబురాతో నడిపిస్తుంటే, పక్కన వంత పాడే ఇద్దరిలో (వంతలు) ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం అందుకుంటారు కదా. అమ్మాయి స్నేహితురాళ్ళని అలా వంతలుగా పెడితే? పెట్టి చూశాం కూడా. జనం నవ్వారు కానీ ప్రేమ కాస్తా వేళాకోళమైపోయింది.

నాట్ల పాటల్లో ఒకరు అంటే మిగతావాళ్ళు అందుకుంటారు. ఆ పద్ధతిలో ఇద్దరి మధ్య మాట దాటవేయడం, అలక, ఒప్పుకోవడం ఎలా నడపాలి? మీ ఊళ్ళో పెద్దవాళ్ళు సరసంగా పాడుకునే ఏలపాటల వరస తెలిస్తే చెప్పండి. ఇంకోటి, మా దగ్గరున్నవి డప్పు, హార్మోనియం మాత్రమే. డప్పు మొదలైతే అమ్మాయి గొంతు వినబడటం లేదండీ. మైకులు అద్దెకి తెచ్చే స్తోమత లేదు.