పాప్-అప్ పేజీలో ట్యాబ్‌ని చీలికలోంచి దించాలా, పైనే అంటించాలా?

కత్తెరపిట్ట:
వి-ఫోల్డ్ బొమ్మ (పేజీ తెరిస్తే నడిమి మడత మీద V ఆకారంలో లేచి నిలిచే, మధ్యలో మడిచిన కాగితపు బొమ్మ) ట్యాబ్‌లను, అంటే దాని అడుగున జిగురు రాసే మడత అంచులను, పేజీ మీదే అంటించే పద్ధతి మానేయాలంటాను. పేజీ తెరిచిన ప్రతిసారీ బొమ్మ లేస్తూ ట్యాబ్ అంచుని గోటితో గిల్లి ఊడదీసినట్టు లాగుతుంది. చీలికలోంచి దించి వెనక అంటిస్తే ఆ లాగుడు జిగురు పొర మొత్తం మీద పడుతుంది, అంచు లేవదు. పైగా వార్నిష్ వేసిన అచ్చు మీద తెల్ల జిగురు సరిగా పట్టదు, వెనక ఉత్త కాగితమే కాబట్టి ఆ బెడద లేదు. 250 జీఎస్ఎం (చదరపు మీటరుకు 250 గ్రాములు తూగే) మందపాటి కాగితానికి ఒక్క గాటు చాలదు. అర మిల్లీమీటరు ఎడంగా రెండు గాట్లు పెట్టి మధ్యలోని సన్నటి కాగితపు పేలిక తీసేయాలి. చీలిక పొడవు ట్యాబ్ కన్నా 1 మి.మీ. ఎక్కువ ఉండాలి.

మడతగీత:
బలం సంగతి ఒప్పుకుంటాను. కానీ పైన అంటించేటప్పుడు బొమ్మ తన చోటు తనే వెతుక్కుంటుంది కదా! ఒక ట్యాబ్ అంటించి, బొమ్మను పేజీ మీద పడుకోబెట్టి, పైకి కనిపించే రెండో ట్యాబ్‌కి జిగురు రాసి పేజీ మూసేస్తే చాలు. అది ఎక్కడ అంటుకోవాలో అక్కడే అంటుకుంటుంది. చీలికలో ఆ వెసులుబాటు లేదు. వి మొన నడిమి మడత నుంచి 1 మి.మీ. జరిగినా బొమ్మ మెలి తిరుగుతుంది, నాలుగైదుసార్లు తెరిచేసరికి మడత దగ్గర తెల్లగా చిట్లుతుంది.

కత్తెరపిట్ట:
మడతగీత గారూ, పేజీని ముందే మడిచి, రెండు పొరలనూ కలిపి సూదితో గుచ్చి చూడండి. చీలిక కొసలు రెండువైపులా ఒకే కొలతకు వస్తాయి.

తెల్లనమూనా:
ఇద్దరూ జిగురు దగ్గరే ఆగిపోయారు. ట్యాబ్‌లు ఊడటానికి చాలాసార్లు కారణం కాగితం పీచు దిశ. పీచు నడిమి మడతకు అడ్డంగా ఉంటే జిగురు తడికి పేజీ వంకర పోతుంది, ఆ వంకరే ట్యాబ్‌ని పైకి తంతుంది. పీచు మడత వెంటే సాగాలి.

కోణాలూ చూసుకోవాలి. బొమ్మ అడుగు అంచుకూ దాని మధ్య మడతకూ నడుమ 90 డిగ్రీలుంటే, పూర్తిగా తెరిచిన పేజీలో బొమ్మ నిటారుగా నిలుస్తుంది. ట్యాబ్ గీతలు నడిమి మడతతో 45 డిగ్రీల్లో ఉంటే, 14 సెం.మీ. ఎత్తు బొమ్మ కొన మూసినప్పుడు నడిమి మడత నుంచి దాదాపు 10 సెం.మీ. దూరం వస్తుంది. పేజీ వెడల్పు అంతకన్నా తక్కువైతే కొన బయటికి పొడుచుకొస్తుంది. ఎక్కడ అంటించినా ఈ లెక్క మారదు.

చీలికను మాత్రం నడిమి మడత దాకా కొయ్యకండి. 3 మి.మీ. ముందే ఆపాలి, లేకపోతే పేజీ అక్కడే చిరుగుతుంది.

మడతగీత:
అలాగైతే తెల్ల కాగితపు నమూనాలో పైనే అంటించి, పేజీ మూసి తెరిచి, ట్యాబ్ మడత పడిన చోట పెన్సిల్ గీత పెట్టుకుందాం. అసలు ప్రతిలో చీలిక ఆ గీత మీదే. అప్పుడు నాకు అభ్యంతరం లేదు. ఒక్కటి మాత్రం వదలను: బొమ్మ మీద బొమ్మ ఎక్కే రెండో అంతస్తుకి చీలిక వద్దు. కింది బొమ్మ అసలే సన్నం, గాటు పడితే ఆ చోటే వంగిపోతుంది.

కత్తెరపిట్ట:
రెండో అంతస్తు విషయంలో మీ మాటే సరి. అక్కడ ట్యాబ్ 12 మి.మీ. వెడల్పు ఉంచి, అది పడే చోట అచ్చు లేకుండా వదిలేస్తే జిగురు గట్టిగా పడుతుంది.