1/6 సైజు (సుమారు అడుగు ఎత్తు) బొమ్మల లైట్లకు బటన్ సెల్లులే ఉంచాలా, యూఎస్‌బీ తీగ లాగాలా?

నల్లగొండ_షెల్ఫ్
కళ్లు, ఛాతీ, అరచేతులు వెలిగే ఐరన్ మ్యాన్ తరహా బొమ్మలకు ఇంకా ఎల్ఆర్41 సెల్లులు కొనుడు దండుగ అంటాను. ఒక్కో సెల్లు 30 ఎంఏహెచ్ అటూ ఇటూ. తెల్ల ఎల్ఈడీ 3 మిల్లీ ఆంపియర్లు తీసుకున్నా కాగితం మీద పది గంటలు. వోల్టేజీ మెల్లగా దిగజారుతది కాబట్టి అంతకు చాలా ముందే వెలుగు మసకబారుతది. పైగా మే నెలలో మన దగ్గర 44, 45 డిగ్రీలు. ఆ వేడికి ఆల్కలైన్ సెల్లు కారితే లోపలి స్ప్రింగు పాడైతది. పాత మొబైల్ ఛార్జర్‌కు బక్ మాడ్యూల్ (వోల్టేజీ తగ్గించే చిన్న బోర్డు) తగిలించి, 3 వోల్టులకు తిప్పి, నేరుగా సెల్లు గూటికి ఇస్తే పని అయిపాయె కదా?

మిర్యాలగూడ_సోల్డర్
తీగ లాగుడు సరే అన్నా, కానీ ఆ పద్ధతిలో ఎల్ఈడీ మాడుతది. చాలా బొమ్మల్లో సెల్లుకు, ఎల్ఈడీకి మధ్య కరెంటును అదుపు చేసే రెసిస్టరే ఉండదు. చిన్న సెల్లు లోపలి నిరోధమే కరెంటును ఆపుతది. బక్ మాడ్యూల్‌కు ఆ అడ్డు లేదు. దాని మీద వోల్టేజీ తిప్పే స్క్రూ కొంచెం జరిగి 3.0 కాస్తా 3.3 అయితే కరెంటు ఎన్నో రెట్లు పెరుగుతది.

బక్ వద్దు. 5 వోల్టులకే రెసిస్టర్ పెట్టు. తెల్ల, నీలం ఎల్ఈడీలు సుమారు 3 వోల్టులు తీసుకుంటయి. 5 మిల్లీ ఆంపియర్లకు (5−3)÷0.005 = 400, అంటే బజార్లో దొరికే 390 లేదా 470 ఓమ్. ఎరుపుకు 2 వోల్టులే కాబట్టి 680. పావు వాట్ రెసిస్టర్ చాలు. ఒక్కో ఎల్ఈడీకి ఒక్కోటి పెట్టాలె. అన్నిటికీ కలిపి ఒకటే పెడితే ఒకటి ధగధగ, ఇంకొకటి గుడ్డిదీపం. మినుకుమినుకుమనే బోర్డు ఉన్న బొమ్మకు ఈ లెక్క పనికిరాదు, దానికి స్థిరమైన 3 వోల్టులే కావాలె.

పాలమూరు_మింట్‌బాక్స్
లెక్క బాగానే ఉంది సార్. కానీ మణికట్టు కీలులో నుంచి తీగ ఎట్ల తీస్తరు? పోజు నాలుగు సార్లు మారిస్తే తెగుతది. వీపుకు రంధ్రం పడ్డ బొమ్మను మళ్లీ అమ్మబోతే ఎవరూ మంచి రేటు ఇవ్వరు. రోజంతా వెలగాల్సిన పనేముంది, అది వీధిదీపం కాదు గద. వాచీ రిపేరు షాపులో 392 అని అడగండి. అదే ఎస్ఆర్41, సిల్వర్ ఆక్సైడ్. సైజు ఎల్ఆర్41దే, 1.55 వోల్టులు దాదాపు చివరిదాకా నిలబడతది, కారుడు తక్కువ. 384 కూడా అదే సైజు గానీ తక్కువ కరెంటు వాచీలకు చేసింది, లైట్లకు వద్దు. చూసినంక సెల్లు తీసి డబ్బాలో వేస్తే ఎండాకాలం భయమూ ఉండదు.

మిర్యాలగూడ_సోల్డర్
రంధ్రం లేకుండనే చేయొచ్చు. డమ్మీ సెల్లు చేసుకోవాలె. రెండు ఎల్ఆర్41లు ఒకదాని మీద ఒకటి పేరిస్తే 7.9 మి.మీ. వెడల్పు, 7.2 మి.మీ. ఎత్తు. సన్న గ్లూ గన్ కడ్డీ సుమారు 7 మి.మీ. మందం ఉంటది. దాన్ని 7 మి.మీ. ముక్క కోసి, టేపు చుట్టి గూటికి సరిపోయేలా చేయండి. రాగి రేకు ముక్కలకు తీగ ముందే టంకం పెట్టి, చల్లారినంకనే రెండు కొసలకు అంటించాలె. తారుమారు చేస్తే కడ్డీ కరిగి సాగుతది. మీటర్‌తో రెండు రేకులు ఒకదానికొకటి తగలట్లేదని చూసినంకనే గూట్లో పెట్టండి.

తీగకు మోటారు వైండింగ్ షాపుకు పోండి. బోరు మోటారుది మొద్దుగా ఉంటది, ఫ్యాన్‌ది అడగాలె. 38 గేజ్ అయితే 0.15 మి.మీ., మూత సందులోంచి పోతది. ఆ తీగ మీది ఎనామిల్ పూత టంకం వేడికి సరిగా పోదు. బ్లేడుతో గీకకపోతే టంకం అంటినట్టే కనబడి కరెంటు రాదు. రెసిస్టర్ స్టాండు కింద, బొమ్మ బయటనే ఉండాలె.

అరచేతుల సంగతి ఒప్పుకుంటా. వాటికి మీ 392లే మేలు.

వనపర్తి_కొత్త
అన్నా, పవర్ బ్యాంకు పెట్టొచ్చా? ఎల్ఐఆర్2032 రీఛార్జ్ సెల్లు ఎట్లుంటది?

మిర్యాలగూడ_సోల్డర్
పవర్ బ్యాంకు వద్దు తమ్మీ. 20 మిల్లీ ఆంపియర్ల లోడును చాలా బ్యాంకులు లోడుగానే లెక్కపెట్టవు, కొద్దిసేపట్లో ఆరిపోతయి. ఎల్ఐఆర్2032 నిండుగా ఉంటే 4.2 వోల్టులు. 3 వోల్టుల సీఆర్2032 సెల్లు గూట్లో అది పెడితే రెసిస్టర్ లేని ఎల్ఈడీకి అదే ఆఖరు. ఛార్జర్‌లో టైప్-ఏ రంధ్రం వాడు. ప్లస్, మైనస్ రెండే తీగలు తగిలిస్తే ఫాస్ట్ ఛార్జర్ కూడా 5 దాటదు. టైప్-సీ వైపు నుంచి ఉత్త రెండు తీగలు లాగితే అసలు కరెంటే రాదు, 5.1 కిలో ఓమ్ రెసిస్టర్లు కావాలె.

ప్లగ్ దగ్గర లేకుంటే స్టాండు కింద రెండు ఏఏ సెల్లుల డబ్బా, ఒక్కో ఎల్ఈడీకి 47 ఓమ్. రీఛార్జ్ ఏఏలు రెండు కలిస్తే 2.4 వోల్టులే, ఎరుపు వెలుగుతది, తెలుపు వెలగదు.

పాలమూరు_మింట్‌బాక్స్
డమ్మీ సెల్లు ఛాతీకి సరే, వీపు మూత సందు ఉంది. తల మాటేమిటి? మెడ బంతిలోంచి తీగ పోవాలంటే 1 మి.మీ. డ్రిల్ తప్పదు. ఆ బొమ్మకు నేను సెల్లుల పక్షమే. కారిన గూడు ఎవరిదన్నా ఉంటే దూది పుల్లతో నిమ్మరసం అద్ది తుడిచి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పెట్టండి. నీళ్లు పోయకండి. తీసిన సెల్లులు చిన్నపిల్లలకు అందే సొరుగులో ఉంచొద్దు.

నల్లగొండ_షెల్ఫ్
తలకు వేరే దారి ఉంది. కాలర్ ఎత్తుగా ఉన్న బొమ్మల్లో తీగ మెడ వెనకనుంచి బయటికే వచ్చి కాలర్ కింద దాగుతది, డ్రిల్ అక్కర్లేదు. కాలర్ లేనివాటికి మాత్రం మీ మాటే.