అకూపారం: సముద్రమా, తాబేలా?

ప్రశ్న: అమరకోశంలో సముద్రానికి ఉన్న పేర్లలో ‘అకూపారం’ ఒకటి. అదే మాటకు తాబేలు అనే అర్థం కూడా నిఘంటువుల్లో ఉంది. తాబేలు చాలా ఏళ్లు బతుకుతుంది కాబట్టి ‘అంతు లేనిది’ అని ఆ పేరు పెట్టారా?

జవాబు: వ్యుత్పత్తి చెప్పినవాళ్లు ఆయుష్షు ఊసెత్తలేదండీ. యాస్కుడు, వేదంలోని మాటలకు అర్థం చెప్పే తన ‘నిరుక్తం’లో, ఈ మాటకు సూర్యుడు, సముద్రం, తాబేలు అని మూడు అర్థాలు ఇచ్చాడు. సముద్రమైతే ‘గొప్ప పారం కలది’, అంటే ఒడ్డు ఎక్కడో దూరాన ఉన్నది. తాబేలైతే ‘కూపంలోకి పోనిది’. నూతుల్లో తాబేళ్లు ఉంటాయి కదా అని యాస్కుణ్ణి నిలదీయకండి. మాటను విరిచి అర్థం రాబట్టడంలో ఆయనకు మొహమాటం లేదు.

ఆయుష్షు సంగతి భారతంలో వస్తుంది. ‘మీకంటే పెద్దవాళ్లున్నారా?’ అని పాండవులు అడిగితే మార్కండేయుడు ఇంద్రద్యుమ్నుడి కథ చెబుతాడు. భూమ్మీద తన కీర్తి మాసిపోయిందని ఆ రాజును స్వర్గం నుంచి దించేశారు. నన్ను ఎరుగుదువా అని అడిగితే మార్కండేయుడు ఎరగనన్నాడు. ఆయనకంటే ముసలిదైన గుడ్లగూబా ఎరగనంది, దానికంటే ముసలిదైన కొంగా ఎరగనంది. చివరికి ఒక సరస్సులోని తాబేలు, పేరు అకూపారుడు, కన్నీళ్లు పెట్టుకుని గుర్తుపట్టింది. ఈ రాజు దానమిచ్చిన ఆవుల గిట్టల తొక్కిడికే ఈ సరస్సు ఏర్పడిందని చెప్పింది. ఆ సాక్ష్యంతో రాజుకు మళ్లీ స్వర్గం దక్కింది.

మరొకరు: కథ బావుంది. ఇంతకీ నిజం తాబేలు ఎన్నేళ్లు బతుకుతుంది? మూడు వందలని ఎక్కడ చూసినా రాస్తున్నారు.

జవాబు: మూడు వందలకు రుజువు లేదండీ. అసలు ‘తాబేలు’ అని తెలుగులో ఒక్క మాటతో సరిపెట్టేస్తాం గానీ, దాని కింద దాదాపు 350 జాతులున్నాయి. చెవి దగ్గర ఎర్ర మచ్చతో అక్వేరియంలో పెంచేవి 20 నుంచి 40 ఏళ్లు. సముద్రపు పచ్చ తాబేలు గుడ్లు పెట్టే ఈడుకు రావడానికే పాతికేళ్లో, ఇంకా ఎక్కువో పడుతుంది. వంద దాటేవి ముఖ్యంగా దీవుల్లోని పెద్ద నేల తాబేళ్లు.

అందరూ చెప్పే జోనథన్ అనే తాబేలును 1882లో సీషెల్స్ నుంచి సెయింట్ హెలీనా దీవికి తెచ్చారు. అప్పటికే పూర్తిగా ఎదిగి ఉంది కాబట్టి కనీసం 50 ఏళ్లుంటాయని లెక్కవేసి, పుట్టుక 1832 అనుకున్నారు. అంటే అదీ అంచనాయే, కాకపోతే ఆనాటి ఫోటో తోడుంది. కోల్‌కతా అలీపూర్ జూలో 2006లో చనిపోయిన అద్వైతకు 250 అన్నారు. రాబర్ట్ క్లైవ్ పెంచిన తాబేలనే కథ మీద నిలబడ్డ లెక్క అది. కథలో రాజుకు తాబేలు సాక్షి అయితే, ఇక్కడ తాబేలుకే మనుషుల సాక్ష్యం కావలసి వస్తోంది! డిప్ప మీది వలయాలు లెక్కపెడదామన్నా, ఎదుగుదల నెమ్మదించాక అవి అరిగిపోయి నమ్మడానికి ఉండవు.

ఒక్కటి మాత్రం నిజంగా విశేషం. జూల్లోని 52 జాతులను పరిశీలించిన అధ్యయనం ఒకటి 2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. వాటిలో ముప్పాతిక జాతులకు వయసుతో పాటు వచ్చే ముసలితనం చాలా నెమ్మది, లేదా లేనట్టే. చావు రాదని కాదు, జబ్బులూ ప్రమాదాలూ ఉండనే ఉన్నాయి. ఏడాది గడిచేకొద్దీ చచ్చే ముప్పు మనకు పెరిగినట్టు వాటికి పెరగదు, అంతే.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్స్ అండీ. షష్టిపూర్తి పద్యంలో ‘అకూపారుడిలా వర్ధిల్లు’ అనే భావం పెడదామని అడిగాను. తేటగీతిలో పాదం మొదట్లో కుదరడం లేదు.

జవాబు: కుదరదు. తేటగీతి పాదం సూర్యగణంతో మొదలవ్వాలి, ‘అకూ’లా లఘువు (పొట్టి అక్షరం) వెంటనే గురువు (పొడుగు అక్షరం) వచ్చే సూర్యగణం లేదు. పాదం మధ్యలో అయితే ‘అ’ను ముందు గణం చివరికి తోసేస్తే ‘కూపార’ తగణంగా (గురువు, గురువు, లఘువు) అక్కడి ఇంద్రగణానికి సరిపోతుంది. పాదం మొదట్లోనే కావాలంటే భుజంగప్రయాతం ఎత్తుకోండి, అక్కడ అన్నీ యగణాలే (లఘువు, గురువు, గురువు).