బొమ్మలా, కీలుబొమ్మలా?

బొలెస్వావ్ ప్రూస్ పోలిష్ నవల ‘లాల్కా’లో ముసలి గుమస్తా ఆదివారం మూసిన కొట్లో ఒక్కడే కూర్చుని ఆటబొమ్మలకి కీ ఇచ్చి వదులుతాడు. ఎలుగుబంటి స్తంభం ఎక్కుతుంది. అవి ఆడుతుంటే నవ్వుకుంటూ ఒక మాటంటాడు. “బొమ్మలు, అన్నీ బొమ్మలే” అని నాకు గుర్తు. దాన్ని దర్శకుడు వోయ్‌చెక్ హాస్ తీసిన 1968 సినిమాగా నిన్న చూసినప్పటి నుంచి అదే మెదులుతోంది. నవల పేరులో ఉన్న మాటేనా అది?

— కాదమ్మా. పేరు ‘లాల్కా’, అంటే పిల్లలు ఒళ్ళో పెట్టుకునే బొమ్మ. ముసలాయన అన్నది ‘మారియోనెట్కి’. కీలుబొమ్మలు. ‘కీలు’ తీసేస్తే ఆ మాటలో పసే ఉండదు.

— మాస్టారూ, కీలుబొమ్మకి తాడుండాలి, ఆడించే చెయ్యుండాలి. ఇక్కడున్నది స్ప్రింగు. నేనైతే ‘మరబొమ్మలు’ అంటాను.

— తాడు లేనిచోట తాడున్న మాట వాడటమే ప్రూస్ గొప్పతనం. దాన్ని మనం సరిదిద్దకూడదు.

— పేరు సంగతి కూడా చూడండి. పోలిష్‌లో మనకిలాగే ఆర్టికల్ (ఇంగ్లీషు a, the లాంటిది) లేదు, ఏ బొమ్మో తేల్చక్కర్లేదు. తెర మీద బేయాతా టిష్కేవిచ్ కనబడగానే బొమ్మంటే ఆమె వేసిన కథానాయిక ఇజాబెలాయే అనిపిస్తుంది. నవలలో అయితే స్తావ్‌స్కా అనే ఆవిడ మీద దొంగతనం కేసు తెచ్చిన అసలు బొమ్మ ఒకటుంది. పేరు యాదృచ్ఛికమనీ, ‘మూడు తరాలు’ అని ఉండాల్సిందనీ ప్రూసే 1897లో చెప్పుకున్నాడు.

— రచయిత చెప్పినా నేనొప్పుకోను, బొమ్మ ఇజాబెలాయే. ఆమె తండ్రి అప్పుల్లో మునిగాడు, ఆమెని ప్రేమించిన వర్తకుడు వొకుల్స్కి వాళ్ళ ఇంటిని చాటుగా 90,000 రూబుళ్ళకి కొనిపించాడు. నాకు గురజాడే గుర్తొచ్చాడు. ‘పుత్తడి బొమ్మ’లో బరువంతా పుత్తడి మీదే ఉంది, ‘కాసుకు లోనై’ అన్నాక మరీను.

— పూర్ణమ్మతో పోలికేంటి అక్కా! ఆ పిల్లకి కాదనే దారే లేదు. ఇజాబెలా రైల్లో వొకుల్స్కి ఎదుటే తన బంధువు స్టార్స్కితో ఇంగ్లీషులో మాట్లాడుతుంది, అతనికి రాదనుకుని. అతనికి వచ్చు. ఇంగ్లీషు అనువాదంలో చదివితే అన్నీ ఒకే భాషలో ఉంటాయి, ఆ దెబ్బ సగమే తగులుతుంది. తెలుగులో చేస్తే ఆ నాలుగు ముక్కలూ ఇంగ్లీషులోనే ఉంచాలి.

— ఉంచాలి, తప్పకుండా. కానీ ‘పుత్తడి బొమ్మా పూర్ణమ్మా’ అని దీర్ఘాలు తీసి పైకి చదవండి. బరువు బొమ్మ మీద పడుతుంది, పుత్తడి మీద కాదు.

— మీ అందరివీ చదివాక పైకి అని చూశాను. “కీలుబొమ్మలు, అన్నీ కీలుబొమ్మలే” అంటే నోరు తడబడుతోంది. నవ్వుతూ అనగలిగే మాటలా లేదు మాస్టారూ.